కుందేలు గుండె దడ

వేరుశనగ చేను పక్క పొదలో ఒక కుందేలు ఉండేది. నక్క దగ్గరకొస్తే దాని గుండె దడదడలాడేది. వెంటనే పరిగెత్తి బతికిపోయేది. ఆ ఏడు కాయ బాగా పండింది. కుందేలు పగలూ రాత్రీ తిని ఒళ్లు చేసింది. ఇప్పుడు చేను గట్టు ఎక్కినా గుండె దడే. నక్క వచ్చిందని ఊరికే పరుగులు తీసేది.

అదే పొదలో ఉండే కౌజుపిట్ట అది చూసి నవ్వింది. "నక్కా లేదు, గిక్కా లేదు వదినా. ఒళ్లు బరువైంది. కాస్త నోరు కట్టుకో."

"నా తిండి మీదే పడిందా నీ కన్ను?" అని కుందేలు కసిరింది. తిండి తగ్గించలేదు, దడ పుట్టినా పరుగెత్తడం మాత్రం మానేసింది.

ఒక సాయంత్రం తింటుండగా గుండె మళ్లీ దడదడలాడింది. "ఒళ్లు బరువేలే," అనుకుని కుందేలు ఇంకో కాయ కొరికింది.

ఈసారి వెనక నక్క ఉంది. కౌజుపిట్ట అరిచేలోపే ఆ గుండె ఆగిపోయింది.