అనసూర్య నాటకం

ఇంకాసేపట్లో తెర లేస్తుంది. కరీంనగర్‌లోని ఆ హాలు అప్పటికే నిండిపోయింది. తెర వెనక ఎల్లక్క డైరెక్టర్ విక్రాంత్ చెయ్యి పట్టుకుని వదలడం లేదు.

"నాటకం అనసూర్య రాసింది బిడ్డా. గా పేరొక్కటి మైకుల చెప్పు."

గోడ మీది పోస్టర్‌లో 'సైరన్ కూసినంక' అని నాటకం పేరుంది. కింద 'సేకరణ: విక్రాంత్' అనుంది. రాసిన మనిషి ఊసే లేదు. సేకరణ అంటే దొరికినవాడిదే సొమ్మన్నమాట.

"బొగ్గు కాలరీలల్ల జనం నోట విని రాసుకున్ననమ్మా. ఎవరు రాసిండ్రో తెల్వదన్నరు," అన్నాడు విక్రాంత్.

"నాకు తెలుసు. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పక్కన కూసొని రాసేది. సమ్మెలప్పుడు క్వార్టర్ల నడుమ ఆడోళ్లమే ఆడినం, మొగ వేషాలు సుత మేమే కట్టినం. జనం ఇరగబడి చూసిండ్రు. తర్వాత సంఘం చెదిరింది, కాయితాలు చెదలు తిన్నయి. ఇగ ఆమెనెవలు యాది జేసిండ్రు?"

పక్కనే ఆమె కొడుకు సిద్ధు. బొగ్గు బాయిలో పని చేస్తాడు. తల్లిని ఎందుకు తీసుకొచ్చానా అని తల పట్టుకున్నాడు.

"అవ్వా, జర సోయిలుండు. పోదాం పా."

"నువ్వూకో," అని ఎల్లక్క ఆఖరి రంగం మాటలు తడుముకోకుండా అప్పజెప్పింది.

విక్రాంత్ మెత్తబడ్డాడు, కానీ ఒప్పుకోలేదు. "వేషం కట్టినవు గనుక నోటికున్నయమ్మా. రేపు ఇంకొకలొచ్చి మా అత్త రాసిందంటరు. ఆమెనే తీస్కరా. స్టేజీ మీద శాలువా కప్పుత."

"ఆమె రాదు."

"మొగడో పిల్లలో, ఎవరన్న ఒకలు?"

సిద్ధు తల్లి మోచెయ్యి పట్టి వెనక్కి గుంజాడు.

గంట మోగింది. విక్రాంత్ చెయ్యి విడిపించుకున్నాడు. ఈ పూట దాటితే ఆ పేరు మళ్లీ ఏ నోటా రాదు. ముసలామెకు ఏడుపు తన్నుకొచ్చింది. వంగి అతని కాళ్లు పట్టేసుకుంది.

"సచ్చిపోయింది బిడ్డా. ఎనుకముందు ఎవ్వలు లేరు. సచ్చినామె పేరు చెప్తే నీదేం పోతది?"

కాళ్ల మీద పడ్డ పెద్దమనిషిని కాదనలేకపోయాడు. మైకు ముందుకు వెళ్లాడు.

"ఈ నాటకం రాసింది కీర్తిశేషురాలు అనసూర్య. ఆమె ఆత్మశాంతి కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దాం."

హాలంతా లేచి నిలబడింది. ఎల్లక్క కూడా కొడుకు భుజం పట్టుకుని లేచి, అందరితోపాటు తల వంచింది.

మొగుడు తన అన్న పేరు మీద బాయిలో చేరాడు, దాంతో కంపెనీ కాయితాల్లో పెళ్లాంగా వదిన పేరే పడింది. వారసత్వంగా వచ్చిన ఆ నౌకరే ఇప్పుడు సిద్ధు చేస్తున్నాడు, గుట్టు బయటపడి అది పోకూడదని ఇన్నేళ్లుగా తోటికోడలి పేరు పెట్టుకుని ఎల్లక్కగా బతుకుతున్న ఆ ముసలామే అనసూర్య.