ఎవరూ పాడకూడని బాణీ

“ఆపండర్రా బాబూ” అంటూ జెనేజియో మౌతార్గాన్‌ని పెదాల మీంచి లాగేశాడు. ఈ పాట వాయించింది పన్నెండు నిమిషాలు. అందులో మౌతార్గాన్ వినబడింది తుమ్మినంతసేపు. మిగతాదంతా హాల్లో కూచున్న రెండొందల మంది గొంతులే.

మదురేరా జనానికి అదొక జబ్బు. తెలిసిన పాట చెవిన పడితే నోరు ఊరుకోదు. ఆ పేటలో శవయాత్రకి బ్యాండు పెడితే పాడకుండా వెళ్ళేది శవం ఒక్కటేనట. అదీ అన్ని శవాలూ కాదు.

మామూలు రోజైతే జెనేజియోకీ అదే ఆనందం. కానీ ఈ ఆదివారం మధ్యాహ్నం వేదిక చుట్టూ పదకొండు మైకులున్నాయి. అరవై రెండేళ్ళొచ్చాక మొదటిసారి అతని పేరు మీద జాజ్ రికార్డు వస్తోంది, అదీ జనం ఎదుట వాయించింది వాయించినట్టుగా.

రికార్డింగు చూసే లిందౌరా అద్దాల గదిలోంచి బయటికొచ్చింది.

“జెనేజియో అన్నా, ఆరు పాటలయ్యాయి. ఆరింట్లోనూ నువ్వెక్కడున్నావో దీపం పెట్టి వెతుక్కోవాలి. ఐదింటికి ఈ హాలు పెళ్ళివాళ్ళకి అప్పగించాలి. నీ వాయిద్యం శుభ్రంగా వినబడే పాట ఒక్కటైనా లేకపోతే కంపెనీవాళ్ళు రికార్డు వెయ్యరు. మళ్ళీ నిన్ను పిలవరు కూడా.”

జెనేజియో ముందు వరసలో ఉన్న ముసలావిడ వైపు తిరిగాడు. ఆవిడ మొదలెడితేనే మిగతావాళ్ళు అందుకునేది.

“జుల్మీరమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ ఒక్కటీ వదిలెయ్యి.”

“నువ్వంత బాగా వాయిస్తుంటే నోరు మూసుకు కూచోమంటావా? మా అమ్మ నన్నలా పెంచలేదు నాయనా.”

“పోనీ మెల్లిగా పాడుకోవచ్చా?” వెనక నుంచి ఎవరో బేరం పెట్టారు.

జెనేజియో తల పట్టుకున్నాడు. పక్కనే నిలువెత్తు బాస్ తీగలు మీటే ఒటాసీలియో నవ్వాడు. “గురువుగారూ, వీళ్ళకి రాని పాట ఇంకా పుట్టలేదు.”

ఆ మాటతో జెనేజియో కళ్ళు మెరిశాయి.

“పుట్టింది. ఇవాళే పుట్టింది. పొద్దున్న మంచం మీద మగతగా ఉన్నప్పుడు దానంతటదే చెవిలో మోగింది. కాఫీ కూడా తాగకుండా రాసేసుకున్నా. మా ఆవిడక్కూడా వినిపించలేదు.”

“మాకూ వినిపించలేదుగా. మేమేం వాయించాలి?”

“నా భుజాలు చూసి వాయించు. ముప్పై ఏళ్ళుగా నువ్వు చేస్తున్నదదేగా.”

లిందౌరా అద్దాల వెనక్కి వెళ్ళి వేలెత్తింది. ఎర్రదీపం వెలిగింది.

జెనేజియో నిదానంగా, ఒక్కొక్క స్వరాన్నీ పసిపిల్లని దించినట్టు దించుతూ ఎత్తుకున్నాడు. జుల్మీరమ్మ అలవాటుకొద్దీ నోరు తెరిచింది. మాట దొరక్క మూసేసుకుంది. ఆవిడ మూసుకోవడం చూసి రెండొందల నోళ్ళూ మూతపడ్డాయి. అంతటి నిశ్శబ్దం మదురేరాలో కార్నివాల్ మర్నాడు తప్ప ఎవరూ ఎరగరు. అద్దాల వెనక లిందౌరా బొటనవేలు పైకెత్తింది. జెనేజియో కళ్ళు మూసుకున్నాడు. అరవై రెండేళ్ళకి అతని ఊపిరి అతనికే వినబడింది.

ఆ సంతోషంలో భుజాలు ఊగాయి. భుజాలు ఊగితే ఒటాసీలియో వేళ్ళు ఊరుకుంటాయా? డ్రమ్ములు అందుకున్నాయి. నిదానంగా నడుస్తున్న బాణీ కాస్తా సాంబా దరువులో పడి పరుగెత్తింది.

జుల్మీరమ్మ ముందుకి వంగి చెవి ఒగ్గింది. మొహం విప్పారింది.

“ఓసి నీ ఇల్లు బంగారం గానూ, ఇదా” అంది పక్కావిడతో.

మరుక్షణం హాలు హాలంతా లేచి నిలబడి, ఒక్క మాట తప్పకుండా, ఒకే శ్రుతిలో అందుకుంది:

“గిన్నె పట్టుకు రావమ్మా, గుమ్మంలోకి రావమ్మా, పొద్దుపొద్దున్నే మీ వీధికి కోడిగుడ్ల బండి వచ్చిందమ్మా!”