ఎంపిక తప్పా, శిక్షణ తప్పా?

అరబ్బు దేశంలో, సులైబియాలోని గోదాముల కంపెనీ క్రికెట్ జట్టు వరసగా ఆరో మ్యాచ్‌లోనూ అరవై పరుగులు దాటలేదు. మేనేజరు కోచ్ లాల్ బాషాను పిలిపించాడు.

"ఆటగాళ్ల ఎంపిక తప్పా, నీ శిక్షణ తప్పా? ఎంపికే తప్పయితే, బ్యాటింగు కోసం తెచ్చిన అయ్యప్పను ఇండియా పంపేస్తాను."

అయ్యప్ప పొట్ట కొట్టడానికి లాల్ బాషాకు మనసొప్పలేదు. "వాడు బాగా ఆడతాడు సార్. నేనే సరిగా నేర్పియ్యలా" అన్నాడు.

మేనేజరు అతణ్ణి కోచ్‌గా తీసేసి మళ్లీ లోడింగు పనికి పంపాడు. అయ్యప్ప ఇఖామాను, అంటే అక్కడ ఉండి పనిచేసే అనుమతిని, రెండేళ్లు పొడిగించాడు.

సాయంత్రం లాల్ బాషా ఆ కబురు చెప్పగానే అయ్యప్ప మంచమ్మీద కూలబడిపోయాడు.

"ఎంత పని చేశారండీ బాషాగారూ! సెలవడిగితే ఇవ్వరు, పాస్‌పోర్టూ ఇవ్వరు. నా కూతుర్ని ఇంకా కళ్లారా చూడనేలేదండి. ఇంటికి పంపేత్తారనే కదండీ, కావాలని అవుటవుతున్నాను!"