నాలుగో రకం

“నువ్వు లోపటికి రావద్దు బాలకిషన్,” అంది అరుంధతి, తలుపు సగమే తెరిచి. “ఆయన పానం బాగలేదు. గెలిచినోని మొఖం ఇప్పుడు ఆయనకు చూపియ్యకు.”

బాలకిషన్ చెప్పులు విప్పబోయి మెట్టు మీదే ఆగిపోయాడు. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులోని ఆ ఇంటికి అతను రాక చాలా ఏళ్లయింది. ఒకప్పుడు పరిశోధన విద్యార్థిగా ఇదే ఇంట్లో ప్రొఫెసర్ ఇంద్రసేన పక్కన కూర్చుని లెక్కలు చేసేవాడు. పొద్దుపోతే ఆయన భార్య అరుంధతి అన్నం పెట్టందే పంపేది కాదు. ఇప్పుడు అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పిల్లలకు జనరల్ సైన్స్ చెప్పుకుంటున్నాడు.

ఆ ఉదయమే వార్త వచ్చింది. విదేశంలో ఒక యాక్సిలరేటర్, అంటే కణాలను వేగంగా తరిమే యంత్రం దగ్గర ఏళ్ల తరబడి నడిచిన ప్రయోగం ఫలితం బయటపెట్టారు. జోరుగా తరిమిన ప్రోటాన్లను తెచ్చి లోహపు దిమ్మెకు కొడితే కొత్త కణాలు పుడతాయి. అవి ఆ దిమ్మెలోనే ఆగిపోయి, ఆగిన చోటే విడిపోయి, దాదాపు దేనికీ తగలకుండా దూసుకుపోయే న్యూట్రినోలనే సూక్ష్మకణాలను వదులుతాయి. ఏ రకం న్యూట్రినోలు బయటికొస్తాయో ముందే తెలుసు. కొంత దూరంలో పెట్టిన పెద్ద తొట్టిలో, అక్కడ పుట్టని రకం కనబడిందంటే అది దారిలో రూపు మార్చుకున్నట్టు. అంత దగ్గర్లోనే మార్చుకుందంటే, లోకానికి తెలిసిన మూడు రకాలు కాక ఎవరికీ చిక్కని నాలుగో రకం ఒకటి ఉన్నట్టు.

ఉందని ఇంద్రసేన జీవితమంతా నమ్మాడు. పాత ప్రయోగమొకదానిలో కనబడిన జాడను పట్టుకుని పేపర్ల మీద పేపర్లు రాశాడు. ఆ జాడ నాలుగో రకానిది కాదనీ, దిమ్మె నుంచి తప్పించుకొచ్చిన మామూలు న్యూట్రాన్లు చేసిన మోసమనీ బాలకిషన్ తన థీసిస్‌లో రాశాడు. ఆ అధ్యాయం తీసెయ్యమన్నాడు ఇంద్రసేన. ఇతను తియ్యనన్నాడు. ఆయన సంతకం పెట్టలేదు. డాక్టరేట్ లేకుండానే బాలకిషన్ యూనివర్సిటీ నుంచి బయటికొచ్చాడు.

ఇప్పుడు ఫలితం అతను రాసినట్టే వచ్చింది. తొట్టిలో నాలుగో రకం జాడే లేదు.

“గెలిచిన అని చెప్పనీకి రాలేదమ్మా,” అన్నాడు. “సార్‌కు తెలిసిందా?”

తెలియలేదంది అరుంధతి. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఫోన్ చేస్తే తనే ఎత్తిందట. విన్నాక దాన్ని ఆపేసి బియ్యం డబ్బా వెనక పెట్టేసిందట. ఆయనేమో పొద్దున్నుంచీ ఏమొచ్చింది, ఏమొచ్చింది అని ఒకటే అడుగుతున్నాడట. ఆసుపత్రి వాళ్లు ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారని చెబుతున్నప్పుడు ఆమె అతని వైపు చూడలేదు.

“నేను చెప్త,” అన్నాడు బాలకిషన్. “దొరికిందని చెప్త. ఎదురు మాట్లాడినోన్ని నేనే గద. నేను చెప్తేనే నమ్ముతడు.”

అరుంధతి పక్కకు జరిగి తలుపు పూర్తిగా తీసింది.

కిటికీ పక్క మంచం మీద ఇంద్రసేన చిన్నపిల్లాడంత అయిపోయి ఉన్నాడు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. బాలకిషన్ స్టూలు లాక్కుని కూర్చుంటే గుర్తుపట్టి చెయ్యి కదిపాడు.

“దొరికింది సార్,” అన్నాడు బాలకిషన్. “నాలుగోది ఉన్నది.”

ముసలాయన కళ్లు ఒక్కసారి వెడల్పయ్యాయి. కానీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఎంత దూరంలో పట్టుకున్నారో, ఎంత గట్టిగా చెబుతున్నారో ఒక్కొక్కటే అడిగాడు. బాలకిషన్ తడుముకోకుండా అన్నిటికీ అబద్ధం చెప్పాడు. ఎన్నేళ్లు దూరంగా ఉన్నా ఆ లెక్కలు అతని నోట్లోనే ఉన్నాయి.

“మరి నీ న్యూట్రాన్లు?” అన్నాడు చివరికి ఇంద్రసేన.

అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో, కిరాయి కట్టలేక గది మారిన ప్రతిసారీ, తన రాత తప్పు కాదన్న నమ్మకమే బాలకిషన్‌ను నిలబెట్టింది. అది నిజమని లోకం ఒప్పుకున్న రోజు ఇదే.

“అవి తీసేసినంక కూడా సిగ్నల్ మిగిలింది సార్. నేనే లెక్క తప్పు కట్టిన.”

ఇంద్రసేన కళ్లు మూసుకున్నాడు. రెప్పల కింది నుంచి నీళ్లు చెవుల వైపు జారాయి. అరుంధతి కొంగుతో తుడిచి, ఇంక నిమ్మలంగ పండుకోండి, మీ నాలుగోది దొరికింది గద అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. బాలకిషన్ మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు గానీ వదల్లేదు.

“దాని గురించి కాదే నా పరేషాన్,” అన్నాడు భార్యతో. “ఉంటే ఉంటది, లేకుంటే లేదు. లేదని తేలితే ఈ పోరని బతుకు నేనే ఆగం చేసినట్టు గద. అందుకే పానం కొట్టుకుంటున్నది.” ఊపిరి తీసుకుని బాలకిషన్ వైపు తిరిగాడు. “నీకు నేను అన్యాయం చెయ్యలే గదరా?”

“చెయ్యలేదు సార్,” అన్నాడు బాలకిషన్.