తాళం తీసిన మాస్టారు

"రచయిత దొరికితే చాలు మాస్టారూ! ఐదు నిమిషాల్లో కేసు ఎగిరిపోతుంది!"

కోర్టు వరండాలో లాయరమ్మ గంతేసినంత పని చేసింది. సొంతంగా వాదిస్తున్న మొదటి కేసు మరి. పొద్దుటినుంచీ ఆమె కాళ్ళు నేలమీద ఆనడం లేదు.

బెంచీ మీద కూర్చున్న టైపు మాస్టారు చేతికర్రను మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తల అడ్డంగా ఊపారు.

"ఆ మాటొక్కటీ ఎత్తొద్దమ్మా."

ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషాయన. రెండేళ్ళ కిందట చూపు పూర్తిగా పోయింది. ఓ హాస్య నవలను డిజిటల్ పుస్తకంగా కొన్నారు. కంప్యూటరు చేత పైకి చదివించుకుందామంటే, ప్రచురణ సంస్థ దానికి తాళం వేసి ఉంచింది. కళ్ళున్నవాళ్ళు తెరమీద చదువుకోవచ్చు గానీ, యంత్రం మాత్రం నోరు విప్పకూడదట. మాస్టారు ఓ సాఫ్ట్‌వేర్ పెట్టి ఆ తాళం తీసేశారు. తీసి ఊరుకున్నారా? తీశానని సంస్థకు స్వయంగా ఉత్తరం రాశారు! వాళ్ళు వెంటనే దావా వేశారు. ఓడిపోతే కంప్యూటరు జప్తవుతుంది. ఆయనకు మిగిలిన చదువంతా దానితోనే పోతుంది.

"ఎవరైనా తన మీద తానే ఫిర్యాదు చేసుకుంటారా మాస్టారూ?"

"దొంగతనం కానప్పుడు దాచడం దేనికి?"

"పోనీ, ఇన్ని పుస్తకాలుండగా దీని తాళమే ఎందుకు తీశారు?"

"దీనికైతే రాసినవాడు బాధపడడు. మూడో అధ్యాయం శుద్ధ దండగ."

లాయరమ్మకు ఒళ్ళు మండింది. ఆ రచయిత చేత అనుమతి రాయించుకోవాలని వారం రోజులుగా ఆమె తిరగని గడప లేదు. అట్టమీద ఉన్నది కలం పేరు. మనిషిని చూసినవాళ్ళు లేరు. ఆఖరికి సంస్థవాళ్ళు కూడా అంతా పోస్టులోనే నడిపారట. ఇక్కడ చూస్తే ఈయన ఆ పేరెత్తితేనే విసుక్కుంటున్నారు. ఇద్దరికీ ఏదో పాత పగ ఉందని ఆమె నిర్ధారించుకుంది.

ఇంతలో లోపలినుంచి పిలుపు వచ్చింది.

హాలు చివరి వరసలో చేతికర్రలు పట్టుకున్నవాళ్ళు పదిమంది దాకా కూర్చుని ఉన్నారు. తీర్పు ఏమవుతుందోనని అందరూ చెవులు రిక్కించారు. సంస్థ తరఫు లాయరు నవ్వుతూ లేచాడు.

"మా సంస్థ మరీ కఠినాత్మురాలేం కాదండీ. రచయిత దగ్గర్నుంచి ఒక్క అనుమతి కాగితం చూపిస్తే ఈ క్షణమే దావా వెనక్కి తీసుకుంటాం."

జడ్జిగారు లాయరమ్మ వైపు తిరిగారు. "కాగితం తెచ్చుకోవడానికి గడువు కావాలా?"

కావాలండీ అనబోయింది. కర్ర నేలమీద టక్కుమంది.

"వద్దండీ," అన్నారు మాస్టారు. "అడిగి తెచ్చుకుంటే అది దయ. నాకు హక్కుందో లేదో చెప్పండి, చాలు."

లాయరమ్మ చేతిలో ఉన్న ఒక్క దారినీ ఈ పెద్దమనిషి మూసేశారు. ఇక మిగిలింది తెగించడమే. కొంగు బిగించి లేచింది.

"చూపులేనివాళ్ళు తాము కొన్న పుస్తకాన్ని తమకు వీలైన రూపంలోకి మార్చుకోవచ్చని ఒక సెక్షను చెబుతోంది. తాళం తీయకూడదని ఇంకో సెక్షను. ఇంటికి రమ్మని పిలిచి లోపల గడియ పెట్టుకుంటే ఎలాగండీ?"

హాల్లో నవ్వులు లేచాయి. అవతలి లాయరు నవ్వలేదు.

"రేపు ఆ ప్రతిని ఊరందరికీ పంచితే?"

"పంచితే శిక్షించండి! పంచారా? కొన్నది ఒక్క ప్రతి. అది ఆయన చెవిని తప్ప ఇంకో చెవిని చేరలేదు."

"అయితే మమ్మల్నీ ఓసారి విననివ్వండి," అన్నారు జడ్జిగారు.

సాక్ష్యంగా తెచ్చిన మాస్టారి కంప్యూటరు చదవడం మొదలుపెట్టింది. ఓ పెద్దాయన సొంత ఇంటికే దారి తప్పే ఘట్టం. చమత్కారం పేలగానే హాలంతా ఘొల్లుమంది. మాస్టారు మాత్రం అందరికంటే ఓ క్షణం ముందే నవ్వేశారు. పెదవులు కూడా మాటమాటకూ కదులుతున్నాయి. తిట్టుకుంటూనే ఎన్నిసార్లు విన్నారో, పైకి చెప్పరు గానీ ఈయనకు ఈ పుస్తకమంటే ప్రాణమే అనుకుంది లాయరమ్మ. ఆమెకు ఆయనమీద కోపం కరిగిపోయింది.

జడ్జిగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"కొన్న పుస్తకాన్ని వినడం కోసం చూపులేని మనిషి తాళం తీస్తే అది నేరం కాదు. ఈ ఒక్క పుస్తకమనే కాదు, ఏ పుస్తకానికైనా ఇదే వర్తిస్తుంది."

చివరి వరసలో చప్పట్లు మారుమోగాయి. ఎవరో కర్రతో నేలమీద తాళం కూడా వేశారు. లాయరమ్మకు కన్నీళ్ళు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. మాస్టారి చెయ్యి పట్టుకుని వరండాలోకి పరుగులాంటి నడకతో తీసుకొచ్చింది.

వెనకే వచ్చిన అవతలి లాయరు చెయ్యి కలిపాడు.

"ఆ రచయిత కాగితమే ఇచ్చుంటే ఈ ఒక్క పుస్తకంతో పోయేదమ్మా. ఇప్పుడు అందరి తాళాలూ ఊడగొట్టించారు మీరిద్దరూ."

అతను వెళ్ళగానే లాయరమ్మ సంచిలోంచి అదే నవల అచ్చు ప్రతి తీసింది.

"నా మొదటి కేసు గుర్తుగా కొనుక్కున్నాను మాస్టారూ. మీకా రచయితంటే గిట్టదని తెలుసు. అయినా సరే, దీనిమీద మీ సంతకం ఉండాల్సిందే."

మాస్టారు మొదటి పేజీ అంచులు వేళ్ళతో తడిమి చూసుకున్నారు. పెన్ను అడిగి తీసుకుని, నింపాదిగా సంతకం చేసి పుస్తకం తిరిగి ఇచ్చారు.

అది అట్టమీది పేరే.