చుక్కలావిడ

తెల్ల టైల్స్ అయితే బాగుంటాయేమో అంది ఆమె. ఆ ఒక్క మాటకే చెంప పేలిపోయింది.

అప్పటిదాకా అంతా సవ్యంగానే నడిచింది. పడకగది నేల మీద నమూనా టైల్స్ పరుచుకుని, భర్త గొంతుక్కూచుని, గదికి ఆనుకుని ఉన్న బాత్రూంని కాగితం మీద గీస్తున్నాడు. షవర్ ఏ మూల రావాలో, కమోడ్ ఏ గోడకి జరపాలో ఆమెనే అడుగుతూ వచ్చాడు. అడిగాడు కదా అని ఆమె చెప్పింది.

"తెలుపైతే రోజూ కడిగి చచ్చేదెవరు, నీ బాబా?"

"నేనే కడుక్కుంటాగా," అంది ఆమె, చెంప పట్టుకుని.

అది ఎదురుమాట అయింది. నీలం టైల్ తీసి విసిరాడు. అది చెవి పక్కనుంచి దూసుకుపోయి బీరువాకి తగిలి ముక్కలైంది. జుట్టు పట్టుకుని బాత్రూంలోకి ఈడ్చుకుపోయాడు. తెల్లటి సింకు చూపించి, ఇదేనా నీ కడుగుడు అంటూ ముఖాన్ని దాని అంచుకేసి కొట్టాడు. ఒక్కసారితో ఆగలేదు.

కాలింగ్ బెల్ మోగింది.

చెయ్యి ఆగింది.

"దిగబడింది చుక్కలావిడ," అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఆ పేరు పెట్టింది అతనే. కింది వాటాలో ఒక్కతే ఉండే పెద్దావిడ. మీ బాత్రూంలోంచి మా ఇంట్లోకి చుక్కలు కారుతున్నాయంటూ వేళాపాళా లేకుండా వచ్చేది. తలుపు తీసేదాకా బెల్లు మీద వేలు తీయదు. తీశాక గుమ్మంలోనే పాతుకుపోయి, ఏ మూల ఎంత కారుతోందో నిదానంగా చెప్పుకొస్తుంది. ఆవిడ మెట్లు దిగేసరికి అతనికి కొట్టే ఊపు పోయి విసుగు మిగిలేది. ఆ విసుగంతా మర్నాడు ఆమె మీదే తీర్చుకునేవాడు, నీళ్లు ఒలకబోసేది నువ్వేనని. అందుకే చుక్కలావిడ బెల్లు వింటే ఆమెకి ఒళ్లు మండేది.

బాత్రూం మొత్తం తవ్వించి కొత్తగా కట్టిస్తే ఆ ముసలిదాని నోరు మూతపడుతుందని భర్త అన్నప్పుడు, అతనికన్నా ఆమే ఎక్కువ సంబరపడింది. ఆ కారడం ఒక్కటి ఆగితే ఇంట్లో ఈ దెబ్బలూ ఆగుతాయని గట్టిగా నమ్మింది.

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లి తలుపు తీసింది.

పెద్దావిడ చేతిలో ఎప్పటిలాగే ఖాళీ బకెట్. ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది. తువ్వాలు మీది ఎరుపునీ చూసింది.

"ఇవాళ మరీ కారిపోతోందమ్మాయ్. ఒక్కసారి నాతో కిందికి రా, చూద్దువుగాని."

ఎప్పుడొచ్చినా ఆఖరికి ఆ మాటే. ఆమె ఒక్కనాడూ వెళ్లలేదు.

"బాగు చేయిస్తున్నాం పిన్నిగారూ. ఇంక మీరు మా గడప తొక్కక్కర్లేదు," అంది, లోపలున్న భర్తకి వినపడేలా.

పెద్దావిడ కదల్లేదు. చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"చెప్పులు కూడా వెతుక్కోకు. ఇలాగే వచ్చెయ్."

ఆమె విదిలించుకుంది. ఈలోగా భర్త ఆమెని పక్కకి నెట్టి ముందుకొచ్చాడు. నా పెళ్లాం చెయ్యి పట్టుకునేంతదానివా అంటూ రెండు చేతులతో పెద్దావిడని తోశాడు. బకెట్ ముందు దొర్లింది. దాని వెనకే ఆవిడ, ప్రతి మెట్టుకీ తల కొట్టుకుంటూ, కింది మలుపు గోడ దాకా.

చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. ఎలా పడిందని అందరూ అడిగారు. భర్త ఆమె వంక చూశాడు.

"కాలు జారింది," అంది ఆమె.

ఆస్పత్రికి తీసుకెళ్లిన పెద్దావిడ మళ్లీ ఇంటికి రాలేదు. అక్కణ్ణుంచే కాటికి చేర్చారు.

ఆ గొడవ సద్దుమణిగాక భర్త మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి టైల్స్ వంక చూడనైనా లేదు. నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తెలియకుండా పలుగు వేస్తే కొత్త బాత్రూం కూడా కారుతుందని, ముందు కింది కప్పు చూడాలని పట్టుబట్టాడు. ఫోన్లో ఉన్న భర్త, నువ్వెళ్లి చూపించు అన్నట్టు చెయ్యి విసిరాడు. వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని ఆమె మొదటిసారి ఆ ఇంట్లో అడుగు పెట్టింది.

పెద్దావిడ బాత్రూంలో అన్నీ పాతవే, కానీ కడిగిన ముత్యంలా ఉంది. మేస్త్రి స్టూలెక్కి కప్పంతా అరచేత్తో తడిమాడు. పైపుల చుట్టూ గోటితో గీకాడు. సున్నం పొడిపొడిగా రాలింది.

"ఇది కారుతోందని ఎవరన్నారమ్మా?"

ఆమె తలెత్తి కప్పు వంక చూసింది.

"చెమ్మ లేదు, మరక లేదు. చుక్క దిగిన జాడే లేదు. మీకు తవ్వించాల్సిన పనే లేదు," అంటూ అతను చేతులు దులుపుకుని బయటికి నడిచాడు.

ఆమె స్టూలెక్కింది. మూలమూలా తడిమింది. అరచేతికి సున్నం తప్ప ఏమీ అంటలేదు.

పైన అడుగుల చప్పుడైంది. భర్త బాత్రూంలోకి వచ్చినట్టున్నాడు. గొంతు కూడా పెంచలేదు, తనలో తను గొణుక్కున్నాడంతే.

"కిందికెళ్లి ఎక్కడ చచ్చిందిది? రానీ, చెప్తా దీని పని."

ఒక్క నీటిచుక్కని కిందికి రానివ్వని ఆ కప్పు, ఇన్నాళ్లూ పెద్దావిడ చెవిన వేసినట్టే, అతని మాటని పొల్లు పోకుండా ఆమె చెవిన వేసింది.