కదలని కన్ను

సాయంకాలం బుధవారీ బజారులో ముక్కూ ముఖం తెలియని స్త్రీ ఒకామె, గోవిందరావు భుజాన ఉన్న పాప గడ్డం పట్టుకుని ముఖాన్ని మెల్లగా పక్కకు తిప్పింది.

"ఏటమ్మా, అలా గుడ్లప్పగించి సూస్తన్నావు?" అంటూ అతని తల్లి అచ్చియమ్మ ఏరుతున్న వంకాయలు వదిలేసి లేచింది.

ఆ స్త్రీకి ముప్పై ఏళ్లు దాటవు. ఆమె ఒక కన్ను పాప కళ్లలోకి ఏదో వెతుకుతోంది. రెండో కన్ను ఎటూ కదలకుండా, గోవిందరావు భుజం మీదుగా ఎక్కడో నిలిచిపోయింది.

అచ్చియమ్మ చూసింది ఆ రెండో కన్నునే.

"భయ్యా, ఏటీ అనుకోకండి. పాప కుడికన్ను లోపల తెల్లగా ఉంది. పిల్లల పెద్దాసుపత్రిలో చూపించండి. జల్దీ."

"నీ నోట్లో మన్ను పడ! ముందు నీ కన్ను సూపించుకోయే!"

వంకాయలవాడు కిసుక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు.

"చూపించడం అయిపోయిందమ్మా," అంది.

గోవిందరావు ఏదో అడగబోయాడు. తల్లి అప్పటికే పాపను లాక్కుని ముఖం మీద కొంగు కప్పేసింది.

"వెళ్లమ్మా, వెళ్లు. పిల్లలకేసి అలా చూడకూడదు," అన్నాడు చివరికి.

రైల్వే క్వార్టర్‌కు రాగానే అచ్చియమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పాప చుట్టూ తిప్పి కుంపట్లో పడేసింది. మిరపకాయలు మాడి బొగ్గయ్యాయి. ఘాటు రాలేదు.

"సూసావా? ఒక్కరికైనా దగ్గొచ్చిందా? ఎంత పాడు దిష్టో!"

"ఒకసారి చూపిద్దామా, అత్తయ్యా," అంది కోడలు ప్రసూన.

"సూపించి ఏటి సెప్తావు? బజార్లో ఒంటికంటిది సూసిందని సెప్తావా?"

గోవిందరావు నవ్వాడు. ఆ నవ్వుతో ఆ మాట ఆ ఇంట్లో ముగిసిపోయింది.

ఆనాటి నుంచి పాప కళ్లకు కాటుక చిక్కనైంది. బజారుకు తీసుకెళ్లడం మానేశారు.

కొన్నాళ్లకు కుడికన్ను కాస్త మెల్ల అయింది.

"మెల్లకన్ను అదృష్టమేలెండి," అంది పక్క క్వార్టర్ ఆవిడ. అచ్చియమ్మ మురిసిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టే నాటికి ఆ కన్ను ఎర్రబడి ముందుకు ఉబికింది. పాప తల పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు వెళ్లారు పిల్లల ఆసుపత్రికి.

డాక్టర్ చంద్రమౌళి కంట్లో మందు వేసి చూశాడు. స్కాన్ తీయించాడు. అచ్చియమ్మను పాపతో వరండాలో కూర్చోబెట్టి, తల్లిదండ్రులిద్దరినీ లోపలికి పిలిచాడు.

"కంటి లోపల గడ్డ. క్యాన్సర్."

ప్రసూన బల్ల అంచు పట్టుకుంది.

"కన్ను తీసేస్తారా, సార్?" అని అడిగాడు గోవిందరావు. అంతకు మించిన ఘోరం అతని ఊహకు అందలేదు.

"కన్ను తీస్తే సరిపోయే రోజుల్లో వచ్చి ఉంటే, పాప బతుకుతుందని ధైర్యంగా చెప్పేవాణ్ని. ఇప్పుడది నరం పట్టుకుని మెదడుకు చేరింది. కన్నూ తీస్తాం, మందులూ ఇస్తాం. మాట మాత్రం ఇవ్వలేను."



"ముందుగా ఆ కంట్లో తెల్లటి మెరుపు కనిపిస్తుంది. మీలో ఎవరూ చూడలేదా?"

"పుట్టినరోజు ఫోటోలో చూశాను," అంది ప్రసూన, నేలకేసి చూస్తూ. "ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా పడింది. ఫోన్‌లోనే ఏదో తేడా అనుకున్నాను. అందరూ సంబరంగా ఉన్నారు. ఎలా చెప్పను?"

గోవిందరావు ఆమె వైపు తిరిగాడు.

"నేనూ చూశాను."

అతడు రైలు నడిపే మనిషి. ఇంజన్‌లోంచి సిగ్నల్ కనపడగానే, పక్కవాడు చూశాడని తెలిసినా సరే, ఇద్దరూ దాని రంగును గొంతెత్తి పలకాలి. పలకని సిగ్నల్ చూడని సిగ్నల్ కిందే లెక్క. ఇంట్లో అటువంటి నియమమేదీ లేకపోయింది. ఒకరు పలకలేదు గనుక రెండోవారు తాము చూసినది చూడనట్టే ఉండిపోయారు. పైకి పలికినది దారిన పోయే మనిషి ఒక్కతే.

బయటికి వచ్చేసరికి పాప నాయనమ్మ ఒళ్లో నిద్రపోయింది. కొడుకు ముఖం చూడగానే అచ్చియమ్మకు సంగతి తెలిసిపోయింది.

"ఆ కన్నేరా బాబూ! ఆ రోజు బజార్లో ఆ ముండ కన్నే తగిలింది నా గుంటకి!"

గోవిందరావు చూపు వరండా చివర చేతులు కడుక్కునే కుళాయి దగ్గర ఆగిపోయింది.

ఆమే.

కంటికి కట్టు కట్టిన ఒక పసిదాని ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉంది. "డర్ మత్ బేటా, భయపడకు," అంటూ అరచేయి చాపి ఏదో చూపిస్తోంది. ఆ పసిది మొదట జంకి, తరువాత వేలితో దాన్ని తాకి, పకపక నవ్వింది.

"ఎవరు సిస్టర్, ఆవిడ?" అటుగా వెళ్తున్న నర్సును అడిగాడు గోవిందరావు.

"రాజశ్రీ అక్కా? కన్ను తీసిన పిల్లలకి ధైర్యం చెప్పడానికి వస్తారండి. ఎక్కడ చంటిపిల్ల కనబడినా ముందు కళ్లలోకే చూస్తారు, పాపం. తిట్లు కూడా తింటారు."

అచ్చియమ్మ కుళాయి వైపు తల తిప్పింది.

రాజశ్రీ అరచేతిలో, కడిగిన గవ్వలా, ఆమె బొమ్మకన్ను ఉంది; ఆనాడు తాము ఉప్పూ మిరపకాయలూ తిప్పి తగలబెట్టింది దాని చూపునే. ఒకప్పుడు సరిగ్గా పాప వయసులో, ఇదే జబ్బుకు, అసలు కన్ను ఇచ్చేసి ప్రాణం దక్కించుకున్న బిడ్డ ఆమె.